టీవీని గోడకు మీరే బిగించుకోవాలంటే

టీవీ గోడకు బిగించడంలో రంధ్రాలు వేయడం పెద్ద కష్టమేం కాదు. మంచి డ్రిల్ మెషీన్ చేతిలో ఉంటే నాలుగు రంధ్రాలు కాసేపట్లో అయిపోతాయి. కష్టమంతా ఆ రంధ్రాలు ఎక్కడ వేయాలి, ఆ గోడలో ఏముంది, అది ఎంత బరువు మోస్తుంది అని తేల్చుకోవడంలో ఉంది. బ్రాకెట్ కొంటే డబ్బాలో నాలుగు స్క్రూలు, నాలుగు ప్లాస్టిక్ ప్లగ్గులు వేసి ఇస్తారు కదా, వాటిని తయారు చేసినవాళ్ళకి మీ గోడ సంగతి తెలియదు. గట్టి ఇటుక గోడని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన ప్లగ్గుని లైట్‌వెయిట్ దిమ్మెల గోడలో దించితే ఆ రోజుకి బాగానే నిలబడుతుంది, తర్వాత ఎప్పుడో బ్రాకెట్ పైఅంచుకీ గోడకీ మధ్య సన్నటి సందు కనపడటం మొదలవుతుంది. కాబట్టి ముందు గోడ, తర్వాత కొలతలు, ఆ తర్వాతే డ్రిల్.

అయితే దానికంటే ముందు టీవీ వెనక్కి ఒకసారి తొంగి చూడాలి.

టీవీ వెనక నాలుగు రంధ్రాలు

టీవీ వెనక చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో నాలుగు మరల రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరాలకి ఒక ప్రమాణం ఉంది, దాన్ని వెసా అంటారు. అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు, నిలువుగా ఎన్ని మిల్లీమీటర్లు అన్నదే ఆ కొలత: 100 × 100, 200 × 200, 400 × 400, 600 × 400 ఇలా. టేపు పెట్టి రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి కొలిస్తే తెలిసిపోతుంది, లేదా టీవీతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. "55 అంగుళాల టీవీకి సరిపోతుంది" అని బ్రాకెట్ డబ్బా మీద రాసింది చూసి కొనేయకండి. అంగుళాలు ఒకటే అయినా వెసా కొలత కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. బ్రాకెట్ కొనేటప్పుడు చూడాల్సినవి రెండే, వెసా కొలత, టీవీ బరువు.

స్క్రూల మందం కూడా అలాగే. చిన్న టీవీలకి ఎక్కువగా ఎం4, కాస్త పెద్దవాటికి ఎం6, ఇంకా పెద్దవాటికి ఎం8 వస్తుంటాయి. మందం కంటే పొడవుతోనే అసలు ప్రమాదం. పొడవు ఎక్కువైన స్క్రూని తిప్పుకుంటూ పోతే అది లోపలున్న బోర్డుకో ప్యానెల్ వెనక భాగానికో తగులుతుంది, అక్కడితో కొత్త టీవీ కథ ముగుస్తుంది. ఒక సన్నటి పుల్లని రంధ్రంలో పెట్టి అడుగు తగిలేదాకా దింపి గుర్తు పెట్టుకోండి, ఆ లోతుకి బ్రాకెట్ పట్టీ (టీవీ వెనక బిగించే ఇనుప పట్టీ) మందం, వాషర్ మందం కలిపితే స్క్రూ ఎంత పొడవుకి మించకూడదో తేలుతుంది. టీవీకి బిగించే స్క్రూలు ఎప్పుడూ చేత్తోనే బిగించాలి, మెషీన్ పెట్టకూడదు. చేత్తో తిప్పితే కనీసం నాలుగైదు చుట్లు సాఫీగా దిగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే వంకరగా వెళ్తోందని అర్థం, వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి. రంధ్రాలు లోపలికి గుంటలో ఉన్నా, టీవీ వెనక భాగం ఉబ్బెత్తుగా ఉన్నా, డబ్బాలో వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి చూడండి, అవి మధ్యలో పెట్టి పొడవు స్క్రూ వాడాలి. చాలామంది వాటిని ఎందుకిచ్చారో తెలియక పారేస్తారు.

ఏ రకం బ్రాకెట్

మూడు రకాలున్నాయి. గోడకి అతుక్కుని కదలకుండా ఉండేది ఒకటి, కిందకి కొద్దిగా వంచుకోగలిగేది ఒకటి, మడత చేయిలా ముందుకి లాగి పక్కలకి తిప్పుకునేది ఒకటి. మూడోది చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, నిజంగా అవసరం ఉంటే తప్ప దాని జోలికి పోవద్దని నా సలహా. ఎందుకంటే దాని లెక్క వేరు.

15 కిలోల టీవీ గోడకి ఆనుకుని ఉందనుకోండి, దాని బరువు కేంద్రం గోడ నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బ్రాకెట్ పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే, పై బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే బలం 15 × 5 ÷ 20, అంటే నాలుగు కిలోల లోపే. అదే టీవీని చేయి బ్రాకెట్ మీద 50 సెంటీమీటర్లు ముందుకి లాగితే? 15 × 50 ÷ 20, అంటే 37 కిలోల పైనే. టీవీ అదే, బరువు అదే, గోడలోంచి ఊడబెరికే బలం మాత్రం పదింతలు. పైగా టీవీని లాగినప్పుడల్లా, తిప్పినప్పుడల్లా మీ చేతి బలం కూడా దానికి కలుస్తుంది. ప్లగ్గులు కిందకి వేలాడే బరువుని బాగానే మోస్తాయి గానీ ఇలా బయటికి లాగే బలానికే లొంగిపోతాయి. చేయి బ్రాకెట్ పెట్టాలంటే కాంక్రీటు గోడో గట్టి ఇటుక గోడో ఉండాలి. డొల్ల దిమ్మెలు, జిప్సం బోర్డు గోడల మీద దాన్ని తలపెట్టకండి.

ఇంకో మాట. బ్రాకెట్ మీద 40 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది, అది ఆ ఇనుము మోసే బరువు, మీ గోడ మోసే బరువు కాదు.

కింది సోఫాలోంచి చూసే హాలుకి కదలని రకం చాలు. మంచం మీద పడుకుని చూసే గదిలో టీవీ కాస్త ఎత్తులో పెడతాం కాబట్టి కిందకి వంగే రకం తీసుకోండి. కదలని రకంలో ఒక తలనొప్పి ఉంది: టీవీకీ గోడకీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందే మిగులుతుంది, తర్వాత వెనక ఒక కేబుల్ పెట్టాలంటే చేయి దూరదు. కొనేటప్పుడే మీ టీవీ పోర్టులు పక్కకి ఉన్నాయా వెనక్కి ఉన్నాయా చూసుకోండి. వెనక్కి ఉంటే వంపు తిరిగిన కనెక్టర్ కావాలి.

గోడ ఏంటో కనిపెట్టడం

వేళ్ళ ముడులతో గోడ మీద కొట్టి చూడండి. చెయ్యి నొప్పి పుట్టి చప్పుడు పెద్దగా రాకపోతే ఇటుకో కాంక్రీటో. డబ్‌డబ్‌మని డొల్ల చప్పుడు వస్తే బోర్డు గోడ. ఇంతవరకు సులువే. అసలు సంగతి తెలియాలంటే టీవీ వెనక దాగిపోయే చోట సన్నటి బిట్‌తో ఒక చిన్న రంధ్రం వేసి, రాలే పొడి చూడాలి. మొదట ఒకటి రెండు సెంటీమీటర్లు ప్లాస్టరింగ్ పొడి వస్తుంది, దాన్ని పట్టించుకోకండి. ఆ తర్వాత ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. బూడిద రంగు పొడి కొద్దికొద్దిగా రాలుతూ బిట్ ముందుకి కదలడానికి మొరాయిస్తే కాంక్రీటు. తెల్లగానో లేత బూడిదగానో ఉండి, బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ అనే లైట్‌వెయిట్ దిమ్మె. కాసేపు గట్టిగా ఉండి ఒక్కసారిగా లోపలికి జారిపోతే డొల్ల దిమ్మె, లోపల ఖాళీ గది ఉందన్నమాట.

కాంక్రీటు అయితే అదృష్టమే. ఇనుప ఎక్స్‌పాన్షన్ బోల్టులు గానీ మంచి నైలాన్ ప్లగ్గులు గానీ పెట్టేసుకోవచ్చు. దానికి సుత్తి దెబ్బలు గట్టిగా వేసే రోటరీ హ్యామర్ కావాలి, మామూలు డ్రిల్‌తో కుస్తీ పడితే బిట్ కాలిపోతుంది, రంధ్రం వంకర పోతుంది. మధ్యలో బిట్ టక్కున ఆగిపోయి లోహం గీసిన చప్పుడు వస్తే ఊచ తగిలిందని అర్థం. దాన్ని కోయడానికి ప్రయత్నించకండి, రంధ్రం కొన్ని సెంటీమీటర్లు పక్కకి జరపండి.

గట్టి ఇటుకలో నైలాన్ ప్లగ్గు, మంచి స్క్రూ చాలా బాగా పనిచేస్తాయి. ఎక్స్‌పాన్షన్ బోల్టులు మాత్రం ఇటుకకి వద్దు. అవి బిగిస్తున్నకొద్దీ చుట్టూ ఒత్తుతూ ఉబ్బుతాయి, కాంక్రీటు తట్టుకుంటుంది గానీ ఇటుక చీలిపోతుంది, ముఖ్యంగా ఇటుక అంచుకి దగ్గరగా పడితే. ఇంకో జాగ్రత్త: రెండు ఇటుకల మధ్య సిమెంటు కీలులో రంధ్రం పడకూడదు. అక్కడ పట్టు ఉండదు. డ్రిల్ వేస్తుంటే ఎర్ర పొడి బదులు ఇసుకలాంటి మెత్తటి పొడి బలం పెట్టకుండానే రాలుతుంటే కీలులో పడ్డారని అర్థం. బ్రాకెట్ ప్లేటు మీద వరసగా చాలా రంధ్రాలు, పొడవాటి గాళ్ళు ఇచ్చేది ఇందుకే, పక్క రంధ్రానికి మారండి.

ఏఏసీ దిమ్మెలో పని వేరుగా చేయాలి. సుత్తి మోడ్ ఆపేసి కేవలం తిప్పుతూ డ్రిల్ చేయాలి, లేకపోతే రంధ్రం నోరు పెద్దదై ప్లగ్గు వదులైపోతుంది. పొట్టి ప్లగ్గులు పనికిరావు. దీని కోసమే పొడవుగా, లోతైన మరలతో తయారుచేసిన ప్రత్యేక ప్లగ్గులు దొరుకుతాయి. పెద్ద టీవీ అయితే కెమికల్ యాంకర్ ఇంకా నయం. ట్యూబులోంచి రసాయనాన్ని రంధ్రంలోకి ఎక్కించి అందులో మరల కడ్డీ దింపి గట్టిపడేదాకా వదిలేయాలి. ఎంతసేపు వదిలేయాలన్నది ఆ ట్యూబు మీదే ఉష్ణోగ్రత ప్రకారం రాసి ఉంటుంది, ఆ టైము అయ్యేదాకా నట్టు బిగించొద్దు, చేత్తో కదిపి చూడొద్దు. రంధ్రంలో పొడి మిగిలితే రసాయనం ఆ పొడినే పట్టుకుంటుంది, గోడని కాదు. కాబట్టి బ్రష్‌తో తోమి, గాలి కొట్టి, మళ్ళీ తోమి శుభ్రం చేయాలి. డొల్ల దిమ్మెకి కూడా ఇదే మందు, కాకపోతే రసాయనం ఖాళీలోకి కారిపోకుండా ముందు జల్లెడలాంటి తొడుగు ఒకటి దించాలి.

జిప్సం బోర్డు గోడల విషయంలో బోర్డుని నమ్మకండి, వెనకున్న నిలువు ఫ్రేమునే నమ్మండి. ఆ నిలువు పట్టీలు సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్లకొకటి ఉంటాయి. ఒక చిన్న గట్టి అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరుపుతూ పోతే బోర్డుని ఫ్రేముకి బిగించిన స్క్రూల దగ్గర అతుక్కుంటుంది, అలా వరస దొరికిపోతుంది. చెక్క ఫ్రేము అయితే పట్టీ నట్టనడుమ ముందు సన్నటి రంధ్రం వేసి లావు స్క్రూ దించవచ్చు. రేకు ఫ్రేము పలచగా ఉంటుంది, అందులో మామూలు స్క్రూ పట్టు ఉండదు. లోపలికి వెళ్ళాక అడ్డం తిరిగే టాగుల్ బోల్టులు వాడాలి, లేదా రెండు మూడు పట్టీలని కలుపుతూ మందపాటి ప్లైవుడ్ పలక బిగించి దాని మీద బ్రాకెట్ పెట్టాలి. పలక టీవీ వెనక దాగిపోయే సైజులో కోయిస్తే కనపడదు కూడా.

చెమ్మ ఎక్కిన గోడ, అవతలి వైపు బాత్రూము ఉన్న గోడ కుదిరితే వదిలేయండి. చెమ్మ ప్లాస్టరింగ్‌ని వదులు చేస్తుంది, టీవీకీ మంచిది కాదు, పైగా బాత్రూము గోడలో నీళ్ళ పైపులుంటాయి.

కరెంటు వైర్లు

ఇది అశ్రద్ధ చేయకూడని విషయం. గోడలో దాచిన వైర్లు ఎక్కువగా స్విచ్‌బోర్డుకీ సాకెట్‌కీ నిట్టనిలువుగా పైకి గానీ కిందకి గానీ వెళ్తాయి, కొన్నిచోట్ల ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి అడ్డంగా కూడా వెళ్తాయి. కాబట్టి గదిలోని ప్రతి బోర్డు, సాకెట్, గోడ లైటు నుంచి మనసులో నిలువు గీత, అడ్డ గీత గీసుకుని ఆ దారుల్లో రంధ్రం పడకుండా చూడాలి. గోడకి అవతలి గదిలో ఉన్న బోర్డుల్ని కూడా లెక్కలోకి తీసుకోండి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఇల్లు కడుతున్నప్పుడు, గోడల్లో పైపులు పరిచినప్పుడు తీసిన ఫొటోలు ఫోన్లో ఎక్కడైనా ఉంటే వెతికి చూడండి. వైర్ డిటెక్టర్ దొరికితే మంచిదే, కానీ అది బీప్ కొట్టలేదు కదా అని పూర్తిగా ధీమా పడకండి, లోతులో ఉన్న వైర్లని అది పసిగట్టకపోవచ్చు.

డ్రిల్ వేసేటప్పుడు ఆ గదికి వచ్చే ఎంసీబీ దించేసి, మెషీన్‌కి వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కరెంటు తెచ్చుకోండి, లేదా బ్యాటరీ డ్రిల్ వాడండి. వైరు ఏ దారిన వెళ్తోందో అస్సలు అంతుబట్టకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాకే మొదలుపెట్టండి.

ఎంత ఎత్తులో

ఎక్కువ ఇళ్ళల్లో టీవీ ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉంటుంది. ఫొటో ఫ్రేము తగిలించే ఎత్తులో టీవీ పెట్టేస్తారు, నిలబడి చూసినప్పుడు బాగుందనిపిస్తుంది. కానీ టీవీ కూర్చుని చూస్తాం. సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళు నేల నుంచి సుమారు 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తెర మధ్య భాగం ఆ ఎత్తుకి దగ్గరగా ఉంటే మెడకి హాయి. కింద టేబులో సొరుగులో ఉన్నాయని 15, 20 సెంటీమీటర్లు పైకి జరిపినా పర్వాలేదు. అంతకు మించి పైకి వెళ్ళేకొద్దీ గంటసేపు చూశాక మెడ వెనక పట్టేస్తుంది.

మీ ఇంట్లో సోఫా ఎత్తు వేరు, మీ మనుషుల ఎత్తు వేరు. అందుకని టీవీ ఖాళీ డబ్బాలోంచి తెర సైజుకి అట్ట కోసి, కాగితపు టేపుతో గోడకి అతికించి, అందరూ మామూలుగా కూర్చునే చోట కూర్చుని చూడండి. ఒక రోజంతా అలాగే వదిలేస్తే ఇంకా మంచిది. సాయంత్రం కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ గోడ మీద ఎక్కడ పడుతోంది, తలుపు తెరిస్తే అంచు తగులుతుందా, ఇవన్నీ అప్పుడే బయటపడతాయి. 55 అంగుళాల టీవీ తెర సుమారు 122 సెంటీమీటర్ల వెడల్పు, 68 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, 43 అంగుళాలది సుమారు 95, 54. దూరం విషయానికొస్తే, తెర మూల నుంచి మూలకి ఉన్న కొలతకి 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే సినిమాలకి బాగుంటుందని చెబుతారు. 55 అంగుళాలకి అది దాదాపు 1.7 నుంచి 2.2 మీటర్లు. హాల్లో సోఫా ఇంకాస్త వెనక్కి ఉన్నా కొంపలేం మునగవు.

గోడ మీద గుర్తు పెట్టే లెక్క

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు, టీవీ మధ్య భాగం చూసి రంధ్రాల ఎత్తు ఊహించేస్తారు. వెసా రంధ్రాలు టీవీకి సరిగ్గా మధ్యలో ఉండాలని లేదు, చాలా టీవీల్లో అవి కిందకి ఉంటాయి. కాబట్టి ఊహ వద్దు, కొలవండి.

బ్రాకెట్‌లో గోడకి బిగించే ప్లేటు ఒకటి, కొక్కేలతో దానికి తగులుకునే నిలువు పట్టీలు రెండు ఉంటాయి. ముందు టీవీ వెనక ఆ నిలువు పట్టీలు బిగించేయండి. టీవీని బోర్లా పెట్టాల్సి వస్తే తెర కంటే పెద్దదైన సమతలమైన చోట, మెత్తటి దుప్పటి పరిచి, దాని మీద రిమోట్ లాంటివేమీ లేవని చూసుకుని పెట్టండి. సన్నటి ప్యానెళ్ళు, ముఖ్యంగా ఓఎల్ఈడీ లాంటివి అయితే బోర్లా పెట్టొచ్చో లేదో పుస్తకంలో ముందు చూడండి. పట్టీలు బిగించాక టీవీ కింది అంచు నుంచి, పట్టీ కొక్కెం లోపల గోడ ప్లేటు మీద ఆనే చోటు వరకు కొలవండి. అది 46 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. టీవీ కింది అంచు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని నిర్ణయించుకుంటే, గోడ ప్లేటు పైఅంచు 75 + 46, అంటే 121 సెంటీమీటర్ల దగ్గర రావాలి. ఇప్పుడు ప్లేటు పైఅంచు నుంచి దాని పై వరస రంధ్రాల మధ్య వరకు కొలవండి, అది 3 సెంటీమీటర్లు ఉంటే గోడ మీద పెన్సిల్ గుర్తు 118 దగ్గర పడాలి. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, ఇంకొకరిచేత మళ్ళీ కొలిపించండి. గోడకి రంధ్రం పడ్డాక తప్పు దొరికితే లాభం లేదు.

నేల నుంచి రెండు చోట్ల కొలిచి రెండు గుర్తులు పెట్టకండి, నేల వాలుగా ఉంటే ప్లేటూ వాలుతుంది. ఒక గుర్తు కొలిచి పెట్టి, మిగతాది రసమట్టంతో గీయండి. ఫోన్లో ఉండే లెవెల్ యాప్ కూడా పనికొస్తుంది గానీ ఫోన్‌ని బల్లపరుపుగా పడుకోబెడితే వెనక కెమెరా ఉబ్బు వల్ల తప్పు చూపిస్తుంది, పక్క అంచు మీద నిలబెట్టి చూడండి. అన్నట్టు, టీవీ కింద పొడవాటి షెల్ఫ్ ఉండి అదే కొద్దిగా వాలిందనుకోండి, అప్పుడు రసమట్టం ఒప్పుకున్నా కంటికి టీవీయే వంకరగా కనపడుతుంది. అలాంటప్పుడు కుదిరితే షెల్ఫ్‌ని సరిచేయండి, కుదరకపోతే రెంటికీ మధ్యస్థంగా సర్దుకోండి. చాలా బ్రాకెట్లలో తగిలించాక కూడా కొద్దిగా అటూ ఇటూ సరిచేసుకునే మర ఉంటుంది, కొనేటప్పుడు అది ఉన్నదే చూసి తీసుకోండి.

రంధ్రాలు, ప్లగ్గులు

ప్లగ్గు మీద 8 అని ఉంటే 8 మిల్లీమీటర్ల బిట్, 10 అని ఉంటే 10. ఒక నంబరు పెద్ద బిట్ ఉంది కదా అని వాడితే ప్లగ్గు స్క్రూతో పాటు గిరగిరా తిరుగుతుంది. 8 ప్లగ్గుకి 4.5 నుంచి 6 మిల్లీమీటర్ల లావు స్క్రూ, 10 ప్లగ్గుకి 6 నుంచి 8 సాధారణంగా సరిపోతుంది.

పొడవు లెక్క ఎవరూ చెప్పరు గానీ అసలు బలమంతా అందులోనే ఉంది. ప్లగ్గు ప్లాస్టరింగ్‌లో ఉంటే లాభం లేదు, పూర్తిగా ఇటుకలో ఉండాలి. ప్లగ్గు పొడవు 50, ప్లాస్టరింగ్ మందం 15, బ్రాకెట్ ప్లేటు 3, ఇవి కలిపి, ప్లగ్గు కొసలోంచి కాస్త బయటికి రావడానికి స్క్రూ లావు అంత, అంటే ఒక 6 కలిపితే 74. అంటే 75 మిల్లీమీటర్ల స్క్రూ కావాలి. డబ్బాలో వచ్చినది టేపు పెట్టి కొలవండి, పొట్టిగా ఉంటే నిర్మొహమాటంగా పక్కన పడేసి కొత్తవి కొనండి. టీవీ ఖర్చు ముందు ఇది ఏ మూలకి?

రంధ్రం లోతు ప్లగ్గు కూర్చునే చోటు కంటే 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, అడుగున పొడి చేరినా ప్లగ్గు పూర్తిగా దిగుతుంది. బిట్ మీద ఆ లోతు దగ్గర రంగు టేపు చుట్టుకోండి. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి. రంధ్రం కింద ఒక కాగితాన్ని మడిచి తొట్టిలా అతికిస్తే పొడి అందులో పడుతుంది, లేదా పక్కన ఎవరైనా వాక్యూమ్ గొట్టం పట్టుకుంటే ఇల్లు ఊడ్చే బాధ తప్పుతుంది.

పెన్సిల్ గుర్తు మీద ముందు మేకుతో చిన్న గుంట చేయండి, బిట్ జారదు. మొదటి కొన్ని మిల్లీమీటర్లు సుత్తి మోడ్ లేకుండా నెమ్మదిగా తిప్పి, బిట్ నిలదొక్కుకున్నాక, గట్టి గోడ అయితేనే సుత్తి మోడ్ పెట్టండి. గోడకి టైల్స్ ఉంటే టైలు దాటేవరకు టైల్ బిట్ వాడాలి, సుత్తి అస్సలు వద్దు. మెషీన్ గోడకి నిటారుగా ఉండాలి, అది పక్కలకి వాలితే మీకు తెలుస్తుంది గానీ పైకీ కిందకీ వాలడం తెలియదు, పక్కన నిలబడ్డవాళ్ళని చూడమనండి. నాలుగు రంధ్రాలూ ఒకేసారి వేసేయకుండా ఒక రంధ్రం వేసి, ప్లగ్గు దించి, ప్లేటుని ఆ ఒక్క స్క్రూతో వదులుగా వేలాడదీసి, రసమట్టం పెట్టి, మిగతా గుర్తులు ప్లేటులోంచే పెట్టుకుంటే తప్పు జరిగే అవకాశం బాగా తగ్గుతుంది.

పొడి ఊదేసి ప్లగ్గుని సుత్తితో మెల్లగా కొట్టండి. గోడతో సమానంగా వచ్చాక ఆపకండి, ప్లాస్టరింగ్ దాటి లోపలికి పోవాలి కదా, స్క్రూని రెండు చుట్లు ప్లగ్గులోకి ఎక్కించి దాని తల మీద కొడితే లోపలికి వెళ్తుంది, ఆ తర్వాత స్క్రూ తీసేయండి. ప్లగ్గు వేళ్ళతో తోస్తేనే సుళువుగా దూరిపోతే రంధ్రం పెద్దదయిందన్నమాట. అగ్గిపుల్లలు, కాగితం కూరి సర్దేసే అలవాటు ఉంది చూడండి, టీవీ విషయంలో అది వద్దు. ఒక సైజు పెద్ద ప్లగ్గు పెట్టండి, లేదా కొన్ని సెంటీమీటర్లు పక్కకి జరిగి కొత్త రంధ్రం వేసి పాతదాన్ని పుట్టీతో పూడ్చేయండి.

స్క్రూలు బిగించేటప్పుడు చివరి చుట్లు చేత్తోనే. బిగుతు పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా తేలికైపోయిందంటే లోపల పట్టు తెగింది, ఆ రంధ్రం ఇంక లెక్కలోకి రాదు. అన్నీ బిగించాక ప్లేటుని రెండు చేతులా పట్టుకుని మీ బరువు వేసి కిందకి వేలాడినంత పని చేయండి, తర్వాత పైఅంచు పట్టుకుని ముందుకి గుంజండి. ఏ మాత్రం కదిలినా, ప్లాస్టరింగ్ పొడి రాలినా టీవీ ఎక్కించొద్దు.

కేబుళ్ళు, తగిలించడం

హెచ్‌డీఎంఐ, యాంటెన్నా, నెట్ కేబుళ్ళు, పవర్ వైరు అన్నీ టీవీ ఎక్కించకముందే పెట్టేయండి, వాడినా వాడకపోయినా ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ అదనంగా పెట్టి చివర వేలాడనిచ్చినా నష్టం లేదు. వైర్లు బయటికి కనపడకూడదంటే గోడ మీద ప్లాస్టిక్ కేసింగ్ వేసి గోడ రంగు పూసేయడం తేలిక పద్ధతి. గోడ తవ్వి పైపు వేయించేటట్టయితే లావు పైపు వేయించి లోపల ఒక తాడు వదిలేయమనండి, రేపు కేబుల్ మార్చాల్సి వస్తే దాంతో లాక్కోవచ్చు. టీవీ పవర్ వైరుని అలాగే గోడలో కప్పెట్టకూడదు, దాన్ని అందుకోసం తయారు చేయలేదు, చాలాచోట్ల నిబంధనలు కూడా ఒప్పుకోవు. ఎలక్ట్రీషియన్‌చేత టీవీ వెనక వచ్చేలా ఎర్త్ ఉన్న సాకెట్ ఒకటి పెట్టించుకోవడమే సరైన దారి, అదీ బ్రాకెట్ ప్లేటుకి అడ్డం రాని చోట. హెచ్‌డీఎంఐ కేబుల్ పొడవు అవసరానికి మించి వద్దు, పొడవు పెరిగేకొద్దీ 4కె బొమ్మ మధ్యమధ్యలో పోవడం లాంటి చికాకులు వస్తాయి.

టీవీ ఎత్తడానికి ఇద్దరు కావాలి. 43 అంగుళాలది ఒక్కరే ఎత్తగలరు, నిజమే, కానీ ఎత్తడం వేరు, ఎత్తి పట్టుకుని కొక్కేలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం వేరు. తెర మీద వేళ్ళు ఒత్తకుండా కింది అంచు, పక్క అంచులు పట్టుకోండి. నిలువుగానే మోయండి, పడుకోబెట్టి మోస్తే పెద్ద ప్యానెల్ మధ్యలో వంగుతుంది. పై కొక్కేలు ముందు ప్లేటు మీద ఎక్కించి, అవి రెండూ కూర్చున్నాయని మూడో మనిషి పక్క నుంచి చూసి చెప్పాకే కింది భాగాన్ని గోడ వైపు నెట్టండి. కింద టక్కుమని లాక్ పడే రకమైతే ఆ చప్పుడు రెండు వైపులా వినాలి, మర రకమైతే ఆ మరలు మర్చిపోకుండా బిగించండి. ఈ లాక్ లేకపోతే తుడిచేటప్పుడు కింది నుంచి పొరపాటున పైకి తోసినా టీవీ కొక్కెం దాటి ఊడిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

గూడులాంటి చోట పెడుతుంటే పైనా పక్కలా గాలి ఆడే సందు వదలాలి, ఎంతన్నది టీవీ పుస్తకంలో ఉంటుంది, చాలావాటిలో 10 సెంటీమీటర్లు అంటారు. సౌండ్‌బార్ పెడితే టీవీ కింద ఉండే రిమోట్ సెన్సర్‌కి అడ్డం రాకుండా కాస్త దించి పెట్టండి.

వారం పోయాక ఒకసారి పక్క నుంచి చూసి ప్లేటు పైఅంచు గోడకి అంటుకునే ఉందో లేదో గమనించండి. చేయి బ్రాకెట్ అయితే కీళ్ళ దగ్గర నట్లు వాడేకొద్దీ వదులవుతాయి, టీవీ ముక్కు కిందకి వేలాడుతోందనిపిస్తే వాటిని బిగించాలి. టీవీతో వచ్చిన కాళ్ళు, వాటి స్క్రూలు, బ్రాకెట్‌లో మిగిలిన స్క్రూలు, వాషర్లు, ఎల్ ఆకారంలో ఉండే అలెన్ కీ అన్నీ ఒక కవర్లో వేసి, మీద టీవీ మోడల్ పేరు రాసి, ఇంటి కాగితాలు పెట్టే చోటే పెట్టేయండి. ఇల్లు మారినప్పుడు ముందు వెతుక్కునేది ఆ కవరే.